బురుజు కట్టువాని లెక్క



కుమారుని ఇంగ్లండునకు చదువ పంపగోరి ఒక తండ్రి నాయొద్దకు వచ్చెను. 2025 నవంబరు నుండి అచ్చటి నియమమేమనగా, లండను వెలుపల చదువగోరువాడు ఫీజుగాక నెలకు 1,171 పౌండ్ల చొప్పున 9 నెలల ఖర్చు, అనగా 10,539 పౌండ్లు, బ్యాంకులో వరుసగా 28 దినములు ఉన్నట్టు చూపవలెను. “అయ్యగారూ, ఆ నెలకు వడ్డీకి తెచ్చి వేసి, పిమ్మట తిరిగి ఇచ్చెదను. తప్పా?” అని అడిగెను. పిల్లవాడు చురుకైనవాడు గనుక వెంటనే కాదనలేకపోతిని.

లూకా 14:28లోని మనుష్యుడు కూర్చుండి లెక్కచూచినది తనకు చాలునో లేదో తెలిసికొనుటకే గాని ఒకరికి చూపుటకు కాదు. సొమ్ము వెనుకకు పోయిన పిమ్మట పిల్లవాడు అద్దె దేనితో కట్టును? డిగ్రీ చదువువాడు తరగతులు జరుగు దినములలో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. దొరలకు చెప్పిన అబద్ధము వానికే ఆకలియగును.

ఇద్దరము కాగితము తీసి అద్దె, తిండి, చలిబట్టలు అని వ్రాయ మొదలుపెట్టితిమి. లెక్క ఇంకను ముగియలేదు.