పంజరంలో చిలుక



న్యాల్‌కల్ చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో జొన్న కంకి పాలు పోసుకునే వేళకు రామచిలుకల గుంపులు వచ్చి వాలుతాయి. రైతు వడిసెల తిప్పి వాటిని తోలుతాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, వసారాలో వేలాడే పంజరంలోని చిలుకకు ప్రేమగా పచ్చిమిరపకాయ అందిస్తాడు. చేలో దొంగ అయిన పక్షే ఇంట్లో బిడ్డ! "మేము దాన్ని హింసించడం లేదు, పిల్లలతో సమానంగా సాకుతున్నాం. ఇందులో పాపమేముంది?" అని మీరు అడగవచ్చు.

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి ప్రాణిని పట్టుకోవడం కూడా వేటే. రామచిలుక, నక్షత్ర తాబేలు, ఉడుము ఈ చట్టం రక్షణలో ఉన్నవి. వాటిని అమ్మినా, కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. 2022లో చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. పంజరాల్లోనే పుట్టి పెరిగే ఆస్ట్రేలియా జాతి లవ్ బర్డ్స్ సంగతి వేరు. సంతలో బాహాటంగా అమ్ముతున్నారు గదా అంటే, అది జవాబు కాదు.

అయితే చట్టం భయంతో మానుకున్నవాడు, ఎవరూ చూడరనుకున్న రోజున మళ్ళీ కొంటాడు. కనుక మనస్సాక్షినే అడగాలి. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం జంతువులను మచ్చిక చేసుకుని పనికీ వినోదానికీ వాడుకోవడం తప్పు కాదంటుంది. ఈ మాట పట్టుకుని వాదించేవారు ఉన్నారు. కాని అదే చోట, సృష్టిపై మనిషికి దేవుడిచ్చిన అధికారం హద్దులేనిది కాదనీ, అనవసరంగా ప్రాణులను బాధించడం మానవ గౌరవానికే విరుద్ధమనీ కూడా ఉంది (2415-2418). ఆవు, కుక్క, కోడి వేల ఏండ్లుగా మనిషి గడపలో పుట్టి పెరిగినవి. చిలుకపిల్ల అలా రాలేదు. రెక్కలు రాకముందే దాన్ని చెట్టు తొర్రలోంచి తీశారు. బుట్టలో కుక్కి తెచ్చిన పిల్లల్లో ఎన్నో దారిలోనే చచ్చిపోతాయి. మన పంజరంలో ఉన్నది బతికిన పిల్ల. చచ్చినవి మన కంటపడవు. మనం చెల్లించే డబ్బు వచ్చే ఏడాది మరో తొర్రలో చెయ్యి పెట్టిస్తుంది.

పట్టేవాడిని తిట్టడం తేలిక. తరచుగా అతడు పూటకు లేనివాడు. కొనేది మనం.

"మా దగ్గరైతే క్షేమంగా ఉంటుంది" అనేవారు చైనా సంగతి వినాలి. అక్కడ మనిషంత పొడవు పెరిగే సాలమాండర్ అనే ప్రాణి ఉంది. చూపుకు బల్లి, పుట్టుకకు కప్ప చుట్టం. మాంసం కోసం తొట్లలో వాటిని లక్షల సంఖ్యలో పెంచుతున్నారు. అవి పుట్టిన కొండవాగుల్లో మాత్రం దాదాపు కనబడకుండా పోయాయి.

నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచితే కలిసివస్తుందని కొందరు రహస్యంగా కొంటారు. అది జాలి కూడా కాదు, మూఢనమ్మకం. మొదటి ఆజ్ఞ తెలిసినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

అస్సీసిపుర ఫ్రాన్సిస్‌గారి చరిత్రలో ఒక కుందేలు ఉంది. గ్రేచియోలో ఉచ్చులో పడినదాన్ని ఒక సోదరుడు ఆయన వద్దకు తెచ్చాడు. ఆయన దాన్ని నిమిరి నేలమీద విడిచిపెట్టారు. అది తిరిగి ఆయన ఒడిలోకే వచ్చింది. ఎన్నిసార్లు దింపినా అంతే. అంత మచ్చికైంది గదా అని ఆయన ఉంచుకున్నారా? లేదు. చివరకు సోదరుల చేత దగ్గరి అడవికి పంపించారు. మన చిలుక కూడా మన చేతిమీదికే వస్తుంది, మన పేరు పలుకుతుంది. అది మనలను వదలలేదన్నమాట నిజమే కావచ్చు. వదలవలసింది మనమేమో!

మీ ఇంట్లో ఇప్పటికే పంజరం ఉంటే, ఈ వ్యాసం చదివి రేపే తలుపు తీసేయకండి. రెక్కలు కత్తిరించిన పక్షి, మేత వెతుక్కోవడం నేర్వని పక్షి బయట కాకులకో పిల్లులకో ఆహారమవుతుంది. జహీరాబాద్‌లోని అటవీశాఖ వారికి చెప్పి అప్పగించండి. పిల్లలు ఏడుస్తారు. వారు బడికి వెళ్ళినప్పుడు చాటుగా ఇచ్చేయకండి; వెంట తీసుకువెళ్ళండి, పంజరం వారి చేతనే మోయించండి.