సిలువ అంగీపైనా, భుజముపైనా?



కోతలు ముగిసి చేలు ఖాళీ అయిన దినములలో మన గోదావరి గ్రామములలో సువార్త సభలు జరుగుట వాడుక. పందిరి వేసి, కూడలిలో ఫ్లెక్సీ కట్టి, దానిపై "క్రూసేడ్" అని పెద్ద అక్షరములతో వ్రాయుచున్నాము. ఆ మాటకు అర్థమేమో మనమెన్నడైనను ఆలోచించితిమా?

లాటిను భాషలో సిలువను "క్రుక్స్" అందురు. ఫ్రెంచి, స్పానిషు భాషల మీదుగా ఆ మాటయే ఇంగ్లీషులో "క్రూసేడ్" అయినది. 1095లో పోపు రెండవ అర్బను పిలుపు విని యెరూషలేమును పట్టుకొన బయలుదేరినవారు గుడ్డ సిలువను తమ అంగీలపై కుట్టుకొనిరి. 1099లో ఆ పట్టణమును పట్టుకొని, అందలి ముస్లిములను, యూదులను అనేకులను చంపిరి. 1204లోనైతే క్రైస్తవ పట్టణమైన కాన్‌స్టాంటినోపులునే దోచుకొనిరి. తరువాతి కాలమున ఏ మంచి పనికైనను పట్టుదలతో పాటుపడుటకు ఆ పేరు వాడుకైనది. మనమును ఆ అర్థముతోనే వాడుచున్నాము. అయినను మన పొరుగు వీధిలోని ముస్లిము సోదరునికి ఆ మాటలో కత్తి చప్పుడు వినబడవచ్చును.

పేతురు కూడ ప్రభువు నిమిత్తమే కత్తి దూసెను. ప్రధానయాజకుని దాసుని చెవి తెగెను. చెవి నరికినవానికి సువార్త ఎట్లు వినిపింపగలము? ప్రభువు ఆ కత్తిని ఒరలో పెట్టించి, ఆ చెవిని ముట్టి బాగుచేసెను. సిలువను అంగీపై కుట్టుకొనుమని ఆయన మనకు చెప్పలేదు. దినదినము దానిని మోయుచు తన వెనుక రమ్మనెను.

మన ప్రాంతమునకు సువార్త ఎట్లు వచ్చెను? 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను సామాన్యులు తమ భార్యలతో ఇంగ్లాండు విడిచి బయలుదేరిరి. నర్సాపురమున కాపురముండి, మన భాష నేర్చుకొని, మన జనుల మధ్యనే బ్రదికిరి. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలైన తరువాత, అక్కడ చేరిన కూలీలకును ఆ మిషనువారు వాక్యము చెప్పిరి. వారి చేత కత్తి లేదు, ఓర్పు ఉండెను.

కావున ఈసారి మన ఫ్లెక్సీపై "సువార్త సభలు" అని తెలుగులోనే వ్రాయుదము. అయితే పేరు మార్చిన చాలదు. ఏడాది పొడుగున పొరుగువానిని పలుకరింపక, సభనాడు మాత్రము మైకును వాని ఇంటివైపు త్రిప్పినయెడల, అదియును చెవి నరుకుటయే. సభకు ముందే ఆ గడపకు వెళ్లుదము. ఇంటిలో రోగియున్న పరామర్శింతము, తగవున్న సమాధానపడుదము. అదే మనము మోయవలసిన సిలువ.

అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.