స్థితప్రజ్ఞుడికి ఎన్ని వోల్టులు కావాలి?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో పెద్ద మోటారు ఒకటి స్టార్ట్ అయిందంటే పక్క షెడ్డులో బల్బు ఒక్క క్షణం మసకబారుతుంది. 2012, 2013 నాటి పవర్ హాలిడేలు చూసినవాళ్లకు ఇదొక లెక్క కాదు. అప్పట్లో కరెంటు లేక ఫ్యాక్టరీలే ఆగాయి. ఇప్పుడు కరెంటు ఉంటుంది. నిలకడ సంగతే వేరు. ప్లగ్గులో 230 వోల్టులని అనుకుంటాం గానీ మల్టీమీటరు పెట్టి చూస్తే అంకె ఒకచోట ఆగదు. ఆయుధపూజ నాడు లేతు మిషనుతో పాటు స్టెబిలైజరుకూ బొట్టు పెట్టడంలో అర్థముంది.

ఈ ప్రాంతంలో సొంతంగా సర్క్యూట్లు కట్టే సరదా ఉన్న కుర్రాళ్లు 218 నంబరు బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తారు. అక్కడ కొనే సామాన్లలో మూడు కాళ్ల నల్ల చిప్పు ఒకటి దాదాపు తప్పనిసరి. పేరు 7805, ఇదొక వోల్టేజీ రెగ్యులేటరు. మొదటి కాలికి 9 వోల్టులిచ్చినా, 12 ఇచ్చినా, అవి పైకీ కిందికీ ఊగినా, మూడో కాలి దగ్గర వచ్చేది 5 వోల్టులే. బయటి ఎగుడుదిగుళ్లకు లోపల చలించని వస్తువు కనపడితే తెలుగువాడికి గీత రెండో అధ్యాయం గుర్తుకు రాకుండా ఉంటుందా?

అక్కడ అర్జునుడు అడిగిన తీరు గమనించదగ్గది. సుఖదుఃఖాలకు చలించని స్థితప్రజ్ఞుడు ఏం నమ్ముతాడని అతను అడగలేదు. ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా తిరుగుతాడని అడిగాడు. అంటే లోడ్ మీద ఉన్నప్పుడు ఆ మనిషి ఎలా ఉంటాడన్నది ప్రశ్న. ఆరో అధ్యాయంలో ఇంకో నిలకడ కనిపిస్తుంది: గాలి లేని చోట పెట్టిన దీపం. హాబీ బల్లమీద దానికి సాటి వచ్చేది ఊరికే పడి ఉన్న కొత్త 9 వోల్టుల బ్యాటరీ. మీటరు పెడితే నిండుగా 9కి పైనే చూపిస్తుంది. చిన్న మోటారు తగిలిస్తే చాలు, దాని లోపలి నిరోధం బయటపడి అంకె జారిపోతుంది.

రెగ్యులేటరు నిలకడ అలాంటిది కాదు. బయటికి వెళ్తున్న వోల్టేజీని లోపల ఉన్న ఒక కొలతతో క్షణక్షణం పోల్చుకుంటూ, పెరిగితే బిగిస్తుంది, తగ్గితే వదులుతుంది. బయటికి ప్రశాంతంగా కనిపించేదానికి లోపల తీరికే లేదు.

మరి ఆ లోపలి కొలత దేని మీద నిలబడింది? వేదాంతి జవాబు తెలిసిందే: మారేవాటినన్నిటినీ చూస్తూ తాను మారని సాక్షి ఒకటుండాలి. అమెరికా ఇంజనీరు రాబర్ట్ విడ్లర్ 1971లో ప్రచురించిన పత్రంలో చూపిన దారి వేరు. సిలికాన్ ట్రాన్సిస్టరు బేస్, ఎమిటర్ల మధ్య వోల్టేజీ వేడి పెరిగేకొద్దీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. వేర్వేరు కరెంటు సాంద్రతల్లో నడిచే రెండు ట్రాన్సిస్టర్లలో ఆ వోల్టేజీల మధ్య తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. ఈ రెండో దాన్ని తగినంత పెంచి మొదటిదానికి కలిపితే ఒకదాని తరుగు, మరొకదాని పెరుగు చెల్లుకు చెల్లు. మిగిలేది సుమారు 1.2 వోల్టులు, దాదాపు కదలనిది. దీన్నే బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ అంటారు. 7805 లోపలా ఈ ఉపాయమే.

సంప్రదాయం శ్రీపర్వతంతో, నేటి నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు దీన్ని చూస్తే తన వాదానికి సాక్ష్యం దొరికిందనేవాడేమో. దేనికీ సొంత స్వభావం లేదు, ఉన్నదంతా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నదే అన్నది మాధ్యమిక దర్శనం. ఇక్కడా అంతే, స్థిరమైన ముక్క ఒక్కటీ లేదు, స్థిరత్వం ఆ పొత్తులోనే ఉంది. అయితే వేదాంతి అంత తేలిగ్గా వదలడు. ఆ పొత్తు 1.2 దగ్గరే ఎందుకు కుదిరింది? అది సిలికాన్ పదార్థానికే చెందిన శక్తి అంతరం. విడ్లర్ పెట్టిన అంకె కాదు, దొరికిన అంకె. ఊగేవి రెండూ కలిసి, తమకంటే ముందే ఉన్న ఒకదాన్ని బయటపెట్టాయని వేదాంతి వాదిస్తాడు. సర్క్యూటు ఈ తగువు తీర్చదు. కానీ ఇద్దరూ ఒప్పుకోక తప్పని సంగతి ఒకటుంది: నిలకడకు ఖర్చుంది.

12 వోల్టుల అడాప్టరు నుంచి 7805 ద్వారా అర ఆంపియరు లాగితే సర్క్యూటుకు చేరేది 2.5 వాట్లు, చిప్పులో వేడిగా పోయేది 3.5 వాట్లు. వేలు పెడితే చురుక్కుమంటుంది. వెనక అల్యూమినియం హీట్‌సింక్ బిగించకపోతే కాసేపటికి చిప్పు తనను తాను కాపాడుకోవడానికి పని ఆపేస్తుంది. దెబ్బలన్నీ మింగి చిరునవ్వుతో ఉండమని చెప్పేవాళ్లు ఈ వేడి ఎటు పోవాలో చెప్పరు. భజన, సత్సంగం, షిఫ్టు దిగాక టీకొట్టు దగ్గర అరగంట ముచ్చట ఆ పని కొంత చేస్తాయి.

ఇంకో హద్దు మరీ ముఖ్యం. 5 వోల్టులు నిలబెట్టాలంటే 7805కు లోపలికి సుమారు 7 వోల్టులైనా రావాలి. అంతకంటే తగ్గితే అవుట్‌పుట్ కూడా ఇన్‌పుట్ వెంటే దిగజారుతుంది. అది చిప్పు లోపం కాదు. నిద్ర చాలక వరుసగా నైట్ షిఫ్టులు చేసే కాంట్రాక్టు కార్మికుడికి సమభావం గురించి ప్రవచనం చెప్పేవారు ఈ లెక్క చూసుకోవాలి. గీత చూసుకుంది. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్రే లేనివాడికీ యోగం కుదరదన్న మాట ఆరో అధ్యాయంలోనే ఉంది. అది దీపం శ్లోకం కంటే ముందు వస్తుంది.