పొత్తిగుడ్డయు శౌచమును

అంగడినుండి తెచ్చిన క్రొత్తబట్టను ఒకమారు ఉతికి ఆరవేయక పసిబిడ్డకు తొడుగరాదని మన పెద్దలందురు. ఎవరును ధరింపని వస్త్రమునకు మైల యెక్కడిది? మైలలేనిదానిని ఉతుకుట యేల? చూచుటకు చిన్నదైన ఈ సందేహము గర్భమున శౌచమనగా నేమి యను పెద్దప్రశ్న యున్నది.

మా యక్క తొలికాన్పునకు పుట్టింటికి వచ్చినపుడు, మా నాయనమ్మ తాతగారి పాత మల్లుపంచెలను చించి, కుంకుడురసమున నానవైచి, నూతికడ మూడునీళ్ల జాడించి, ఎండిన పిమ్మట ఒక్కొక్క పొత్తిగుడ్డను తన చెక్కిలికి రాచి చూచుకొనెడిది. ఏమాత్రము గరుకు తోచినను మరల నీటముంచెడిది. చుట్టములు తెచ్చిన క్రొత్తచొక్కాలకును ఆ సంస్కారము తప్పలేదు.

దీనికి లౌకికకారణము స్పష్టము. మగ్గముపై పడుగుపోగులు తెగకుండుటకై నేతగాడు వానికి గంజి పట్టించును. ఆ బిరుసుతోడను, మిగులురంగుతోడను, పలువురు చేతులతో పట్టిచూచిన మురికితోడను బట్ట మన యిల్లు చేరును. ఉతికినగాని నూలు మెత్తబడదు, చెమటను చక్కగ పీల్చదు; శిశువు చర్మమో పెద్దలదానికంటె మిక్కిలి పలుచన.

శాస్త్రమును ఈ మాటకు దూరము కాదు. సర్వకర్మలకు పావనమైన అహతవస్త్రమునకు లక్షణము చెప్పుచు స్మృతికారులు, అది క్రొత్తది, తెల్లనిది, అంచున దశలు గలది, ఎవరును కట్టనిది యని యంతటితో విడువక, కొంచెముగ ఉతుకబడినదై యుండవలెననియు చేర్చిరి. క్రొత్తదనము మాత్రమే శుద్ధి కాదన్నమాట. ఒకరి శ్రద్ధ దానిపై ప్రసరింపవలెను. పతంజలి ఐదు నియమములలో శౌచమును మొదట నిలుపగా, భాష్యకారుడు దానిని మట్టినీళ్లచే కలుగు బాహ్యమనియు, చిత్తమలములను కడుగు ఆభ్యంతరమనియు విభజించెను. తనకై తాను ఏ శౌచమును ఆచరింపలేని శిశువు పక్షమున మనము నీట చేయి పెట్టినపుడు, బట్ట మలినముతోపాటు మన స్వార్థమును కొంత కరగిపోవునని నా విశ్వాసము.

ఇది నిజమైనచో, మన పురుటింటి ఆచారమొకటి నన్ను బాధించుచున్నది. పదిదినములు పురిటిబట్టలను మోసికొనిపోయి, చాకలిబానలో ఉడికించి, మల్లెపూవులవలె తెచ్చియిచ్చు రజకస్త్రీని మనము వాకిటనే నిలిపితిమి. ఆమె ఉతికిన గుడ్డ మన బిడ్డ యొడలికి తగినదైనపుడు, ఉతికిన ఆ చేయి మన గడపకు తగనిదెట్లగును? అశుచిని తాకనివారికంటె, దానిని తాకి తొలగించినవారికే శౌచమను మాట ఎక్కువ చెల్లును.

మా నాయనమ్మ శాస్త్రము చదివినది కాదు. బారసాలనాడు ఆమె ఆ రజకస్త్రీని చేయిపట్టి లోనికి తోడితెచ్చి, పీటవేసి కూర్చుండబెట్టి, ఉయ్యాలలో వేయుటకు ముందు బిడ్డను ఆమె యొడిలో పరుండబెట్టెను. బిడ్డక్రింద నున్నది ఆమె ఉతికిన పొత్తిగుడ్డయే.