శమంతకమణి నుంచి వన్ గ్రామ్ గోల్డ్ దాకా: అసలు నగ ఏది?



వరలక్ష్మీ వ్రతం దగ్గరపడినా, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నా మనలో చాలామందికి వచ్చే డౌట్ ఇది. "అమ్మవారి పూజకి వన్ గ్రామ్ గోల్డ్ వేసుకుంటే తప్పా? ఎవరైనా గుర్తుపడితే పరువు పోతుందా?" ఇంకో భయం కూడా ఉంది. "నీలం పెట్టుకోమన్నారు, ఒరిజినల్ అయితేనే పనిచేస్తుందట. ఈఎంఐలో అయినా కొనాలా?" ఈ రెండిటికీ జవాబు, ఏటా వినాయక చవితికి అక్షతలు చేతిలో పట్టుకుని మనం వినే కథలోనే ఉంది. అయితే ముందు కాస్త సైన్స్ చూద్దాం.

ఎర్రటి కెంపు, నీలిరంగు నీలం. ఈ రెండూ ఒకే ఖనిజం అని మీకు తెలుసా? దాని పేరు కురువిందం. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం అది. అందులో కొద్దిగా క్రోమియం చేరితే కెంపు అవుతుంది. ఇనుము, టైటానియం చేరితే నీలం అవుతుంది. మన సంప్రదాయంలో కెంపు సూర్యుడిది, నీలం శనిది. శని సూర్యుడి కొడుకే కదా! తండ్రీకొడుకుల రాళ్లు రెండూ ఒకే పదార్థం అన్నమాట.

1902లో వెర్నూయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త మంటలో పొడిని కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. ఆ కెంపులో ఉన్న పదార్థం గని కెంపులో ఉన్నదే. గట్టిదనం కూడా అంతే, మోస్ స్కేల్ మీద 9. తేడా అల్లా పుట్టిన చోటులో, ధరలో. గాజు రాయి సంగతి వేరు. దాని గట్టిదనం 5.5 దగ్గర ఉంటుంది, దుమ్ములో ఉండే ఇసుకది 7. అందుకే గాజు రాళ్లు గీతలు పడి త్వరగా మసకబారతాయి.

ఇక రోల్డ్ గోల్డ్ అంటే మనకి మచిలీపట్నం దగ్గర చిలకలపూడే గుర్తొస్తుంది. రాగి, ఇత్తడి లాంటి లోహం మీద పలచటి బంగారు పూత వేస్తారు. చెమట, సెంటు తగిలితే ఆ పూత పోతుంది. కాబట్టి నగ ఆఖర్న పెట్టుకుని, తీశాక పొడిగుడ్డతో తుడిచి దాచుకోవాలి. చిలకలపూడిలో పాండురంగడి గుడి కూడా ఉంది. రోల్డ్ గోల్డ్ చేసే చేతులే ఆ స్వామికి దండం పెడతాయి. ఆ చేతుల పనిని ఆయన తక్కువగా చూస్తాడంటారా?

ఇప్పుడు కథలోకి వద్దాం. సత్రాజిత్తుకి సూర్యుడు శమంతకమణి ఇచ్చాడు. రోజుకి 8 బారువుల బంగారం ఇచ్చే మణి అది! అంతకంటే ఒరిజినల్ రాయి ఉంటుందా? దాన్ని మెడలో వేసుకుని వేటకి వెళ్లిన తమ్ముడు ప్రసేనుడు సింహం నోట పడ్డాడు. ఏ తప్పూ చేయని కృష్ణుడి మీద సత్రాజిత్తు దొంగతనం మోపాడు. స్వామి అడవంతా వెతికి, జాంబవంతుడితో 28 రోజులు పోరాడి మణిని తెచ్చి ఇచ్చాడు. సత్రాజిత్తు సిగ్గుపడి కూతురు సత్యభామనిచ్చి పెళ్లిచేసి, మణి కూడా ఇవ్వబోతే, మణి మాత్రం వద్దన్నాడు కృష్ణుడు. చివరికి ఆ మణి కోసమే శతధన్వుడు నిద్రపోతున్న సత్రాజిత్తుని చంపేశాడు.

రాయి అసలుదే. దాన్ని పట్టుకుని వేలాడిన మనసులే కల్తీ అయ్యాయి.

కాబట్టి వన్ గ్రామ్ గోల్డ్ వేసుకుని హాయిగా పూజ చేసుకోండి. ఎవరైనా అడిగితే "రోల్డ్ గోల్డే అండీ" అని నవ్వుతూ చెప్పండి. గాజుని కెంపని అమ్మితే పాపం. పూత నగని బంగారమని వియ్యాలవారికి చూపిస్తే పాపం. నిజం చెప్పి వేసుకుంటే అందులో తప్పేముంది? బంగారమే కొనే స్తోమత ఉంటే మంచిదే. నగ మీద 6 అక్షరాల హెచ్‌యూఐడీ చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో చెక్ చేసి తీసుకోండి. జాతకం మీద నమ్మకం ఉంటే ఉండనివ్వండి, కానీ అప్పుచేసి నీలం కొనమని శని భగవానుడు అడగడు. నువ్వుల దానం కూడా ఆయనకి చెప్పిన పరిహారమే.

ఆ సత్రాజిత్తు కూతురు సత్యభామే తులాభారంలో తన నగలన్నీ తక్కెట్లో పోసింది. స్వామి కదల్లేదు. రుక్మిణమ్మ భక్తితో పెట్టిన ఒక్క తులసిదళానికి తూగాడు. ఈసారి పూజకి కూర్చున్నప్పుడు మెడలో ఏముందో ఒక్క నిమిషం మర్చిపోయి, చేతిలో తులసి ఉందో లేదో చూసుకోండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.