నవ్వినవాళ్ళ సంగతి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో నువ్వు చూపించిన, మీ క్లాసు అమ్మాయిని ఏడిపించే వీడియో గురించి అందరి ముందూ ఏమీ అనలేదు. "నేనేం చేశాను నాయనమ్మా, ఊరికే నవ్వే బొమ్మ పెట్టానంతే" అన్నావు. ఆ మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మా తమ్ముడు, అదే మీ కొట్టు తాతయ్య, ఎనిమిదో తరగతి మధ్యలో హాస్టలు నుంచి పెట్టె సర్దుకుని వచ్చేశాడు. వాడి నత్తిని వెక్కిరించినవాడు ఒక్కడే. వాడి మీద తమ్ముడికి అంత కోపం లేదు. పక్క ఊళ్ళవాళ్ళు, ఒకే బస్సులో వచ్చినవాళ్ళు, పగలబడి నవ్వారట. అది మింగలేకపోయాడు. ఆ దెబ్బకి మా నాన్న నన్నూ బయటికి పంపనన్నాడు. టీచర్ ట్రైనింగ్ పెళ్ళయ్యాక గానీ చెయ్యలేదు నేను.

మా బళ్ళోనూ పిల్లల మధ్య పెద్దరికాలుండేవి. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే సుద్దముక్క లీడరు చేతిలో ఉండేది. వాడికి మేమంతా జామకాయలు మోసేవాళ్ళం.

ఫిన్లాండులో క్రిస్టీనా సాల్మివల్లి పరిశోధక బృందం పిల్లల్నే అడిగి 1996లో ఒక సంగతి తేల్చింది. బడిలో ఏడిపించడమంటే ఏడిపించేవాడూ ఏడ్చేవాడూ మాత్రమే ఉండరు. ఏడిపించేవాడి వెంట చేరేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, చూడనట్టు తప్పుకునేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు కూడా ఉంటారు. అమెరికాలో ఫారిస్, ఫెల్మ్‌లీ అనే పరిశోధకులు 2011లో చూపించింది ఇంకా చేదుగా ఉంటుంది: తోటివాళ్ళలో పలుకుబడి పెరిగేకొద్దీ పిల్లల్లో దౌర్జన్యమూ పెరుగుతుంది, అందరికన్నా పైనున్న కొద్దిమందిలోనే తగ్గుతుంది. పైకెక్కే తొందరలో ఉన్నవాళ్ళకే పక్కవాణ్ణి తొక్కడం అవసరం.

మరి ఆ నిచ్చెన వేసిందెవరు? మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టి, ర్యాంకుల ఫ్లెక్సీలు గేటుకి కట్టి, చివరి సెక్షన్ పిల్లల్ని టీచర్లే ఎగతాళి చేసే బడులు చూశాను. బూట్ల బ్రాండు చూసి స్నేహం చేస్తున్నారట ఇప్పుడు! పిల్లల్ని అని ఏం లాభం.

సరే, పని మాట. ఆ నవ్వే బొమ్మ ఇవాళే తీసెయ్యి. వీడియో తీసెయ్యమని గ్రూపులో ఒక్క ముక్క రాయి, వాదన పెట్టుకోకు. రేపు భోజనాల దగ్గర ఆ అమ్మాయి పక్కన కూర్చో. క్షమాపణల ఉపన్యాసం వద్దు, పప్పు పంచుకో చాలు. అమ్మని తోడు తీసుకుని క్లాస్ టీచరుకి చెప్పు. ఆవిడ కొట్టిపారేస్తే 1098 ఉంది, పిల్లల కోసం పెట్టిన నంబరు, డబ్బులు పడవు. నిన్ను కొన్నాళ్ళు దూరం పెడతారు. పెట్టనీ.

సోమవారం సాయంత్రానికి నీ ఫోన్ రాకపోతే నేనే మీ బడికి బస్సెక్కుతాను.