సేవకుని గృహసాక్ష్యము

సంఘకాపరి గృహజీవితమంతయు బహిరంగము కావలెనా? అక్కరలేదు. ప్రార్థనను రహస్యమందు చేయుమని ప్రభువే నేర్పెను గదా! కాని ప్రసంగపీఠముపై మృదుభాషియైనవాడు ఇంట కఠినుడైనచో, ఆ మరుగు కపటమునకు తెరయగును.

ఆంగ్ల కాపరియైన రిచర్డ్ బాక్‌స్టర్ 1656లో ప్రచురించిన గ్రంథమున తోటి కాపరులనే ఆత్మపరీక్షకు పిలిచెను. కిడ్డర్‌మిన్‌స్టరులో ఆయన సోమ, మంగళవారములను కుటుంబములకు బోధించుటకు ప్రత్యేకించెను. అప్పటికాయన అవివాహితుడు, పరుల గృహములను దిద్దుట కొంత సులభమే! 1662లో మార్గరెట్‌ను వివాహమాడెను. 1681లో ఆమె మరణించినప్పుడు ఆమె జీవితచరిత్రను తానే వ్రాసెను. తాను తొందరపడి పరుషముగా పలికిన ఆమె నొచ్చుకొనెడిదనియు, తన ముఖము ప్రసన్నముగా లేకున్నను దిద్దుకొనుమని కోరెడిదనియు, పేరుపొందిన ఆ బోధకుడు దాచక అందరు చదువునట్లు అచ్చువేయించెను.